చెడిపోయిన ఫోటో చెప్పే పాఠం

ఫోటోలు తీయటం సరదాగా నేర్చుకొందామనుకొనే వారు ఈ రోజుల్లో ప్రతి ఊరిలోను కనిపిస్తున్నారు. చేతిలో ఫోను ఉన్నది, ఫోనులో కెమెరా ఉన్నది. కొందరు యౌవనస్థులు రూపాయి రూపాయి కూడబెట్టి విడిగా కెమెరా కూడా కొనుక్కొంటున్నారు. మొదటి నెల ఉత్సాహానికి హద్దు ఉండదు. దూడను తీస్తారు, పూలను తీస్తారు, చెరువు గట్టును తీస్తారు. తరువాత ఒక పెళ్లిలోనో, క్రిస్మస్ పండుగలోనో తీసిన ఫోటోలు మసకగా వస్తాయి. పెద్దవారి ముఖాలు నల్లబడి వస్తాయి. చూసినవారిలో ఎవరో ఒకరు నవ్వుతారు. అంతటితో కెమెరా బీరువాలోకి వెళ్ళిపోతుంది. "మనకు చేతకాదులే" అనే మాట మనసులో స్థిరపడిపోతుంది.

ప్రియ చదువరులారా, చెడిపోయిన ఫోటోను ఏమి చేయాలో తెలిస్తే చాలామంది అక్కడ ఆగిపోరు. ఈ సంగతి మనకు నేర్పగలవారు ఇద్దరున్నారు. ఇద్దరూ ఫోటోగ్రఫీ బడిలో చదువుకొన్నవారు కారు. ఒకరు పాడి రైతు. మరొకరు 48 ఏళ్ల వయసులో కెమెరా చేతబట్టిన గృహిణి.

మంచు పలుకుల రైతు

అమెరికా దేశపు ఈశాన్య భాగంలో వెర్మాంట్ అనే రాష్ట్రమున్నది. అక్కడి జెరికో అనే పల్లెలో విల్సన్ బెంట్లీ 1865లో ఒక రైతు కుటుంబంలో పుట్టాడు. ఆ ప్రాంతంలో చలికాలంలో ఆకాశం నుండి మంచు కురుస్తుంది. అది మన వడగళ్ళవంటిది కాదు. దూదిపింజలవలె తేలుతూ దిగుతుంది. దానిలోని ఒక పలుకును సూక్ష్మదర్శినిలో చూస్తే, ఆరు కొమ్మలతో ఎవరో ముగ్గు వేసినట్లు కనిపిస్తుంది. బెంట్లీ తల్లి ఒకప్పుడు బడి పంతులమ్మ. ఆమె ఇచ్చిన సూక్ష్మదర్శినిలో ఈ అందం చూసిన కుర్రవాడు దానిని కాగితంపై గీయబోయాడు. గీత పూర్తికాకముందే పలుకు కరిగిపోయేది.

సూక్ష్మదర్శినికి అమర్చే కెమెరా ఉంటే పని జరుగుతుందని తలిదండ్రులను అడిగాడు. దాని ఖరీదు సుమారు 100 డాలర్లు. ఆ రోజుల్లో ఒక రైతు ఇంటికి అది చిన్న మొత్తం కాదు. మంచు వెంట పడటం తండ్రికి పనికిమాలిన పనిగా తోచింది. అయినా కొనిచ్చారు.

మొదట తీసిన చిత్రాలు పాడైపోయాయి. ప్లేటుపై నీడవంటి మచ్చ తప్ప ఏమీ పడలేదు. చలికాలం వెళ్ళిపోతే మళ్ళీ సంవత్సరం ఆగవలసినదే. బెంట్లీ ఒక్కొక్క లోపాన్ని విడివిడిగా పట్టుకొన్నాడు. వెచ్చని గదిలో పలుకు కరుగుతుంది గనుక చలి కొట్టంలోనే పని చేశాడు. ఊపిరి తగిలినా కరుగుతుంది గనుక ఊపిరి బిగబట్టాడు. నల్లని పలకపై మంచును పట్టి, మంచి పలుకును సన్నని పుల్లతో ఎత్తి, పక్షి ఈకతో గాజుపై సర్దాడు. చిత్రం స్పష్టంగా రావాలంటే లెన్సు రంధ్రం బాగా చిన్నది కావాలని, చిన్న రంధ్రం పెడితే వెలుతురును ఎక్కువసేపు పడనివ్వాలని గ్రహించాడు. 1885 జనవరి 15న, ఇరవై ఏళ్లు నిండకముందే, అతని చిత్రం చక్కగా వచ్చింది.

ఆ తరువాత 46 ఏళ్లపాటు అతడు ఈ పని విడువలేదు, వ్యవసాయమూ మానలేదు. మంచు కురిసినప్పుడు కొట్టంలోకి వెళ్ళేవాడు, కురవనప్పుడు పశువుల పని చూసుకొనేవాడు. ఏ రోజు, ఏ వాతావరణంలో తీసినదీ పుస్తకంలో వ్రాసుకొనేవాడు. జీవితకాలంలో 5,000కు పైగా చిత్రాలు తీశాడు. లెక్క వేసి చూడండి, ఒక చలికాలానికి నూరు పైచిలుకే. మన ఫోనులో ఒక్క పెళ్లికి అంతకంటె ఎక్కువ తీస్తున్నాము. 1931లో 2,400కు పైగా చిత్రాలతో "స్నో క్రిస్టల్స్" అనే గ్రంథం అచ్చయింది. ఆ సంవత్సరమే డిసెంబరు 23న బెంట్లీ కన్నుమూశాడు. ఈ పనివలన అతడు ధనవంతుడు కాలేదు. మంచు పలుకుల సంగతి వచ్చినప్పుడు ఈనాటికీ అతని పేరు చెప్పుకొంటారు.

కోళ్ళ గూటిలో స్టూడియో

రెండవవారు జూలియా మార్గరెట్ కామెరన్. ఈమె 1815లో మన కలకత్తాలోనే పుట్టింది. తరువాత కుటుంబంతో ఇంగ్లాండులోని వైట్ అనే ద్వీపంలో స్థిరపడింది. 1863 డిసెంబరులో కుమార్తె, అల్లుడు ఆమెకు ఒక కెమెరా బహుమతిగా ఇచ్చారు. ఇంటిలోని బొగ్గుల కొట్టును ఆమె చీకటి గదిగా మార్చుకొన్నది. కోళ్ళను బయటకు తోలి, అద్దాలున్న ఆ కోళ్ళ గూటిని స్టూడియో చేసుకొన్నది.

ఆ కాలంలో గాజు ప్లేటుకు మందు పూసి, అది తడిగా ఉన్నప్పుడే ఫోటో తీసి, వెంటనే కడగవలసి వచ్చేది. మొదటి చిత్రాన్ని ఆమె తన చేతితోనే చెరిపివేసింది. మందు పూసిన వైపు చెయ్యి రాసుకొని బొమ్మ తుడిచిపెట్టుకుపోయింది. ఆమె ఆగలేదు. 1864 జనవరిలో ఆనీ అనే చిన్న పాప చిత్రం చక్కగా కుదిరింది. దానికి "నా మొదటి విజయం" అని పేరు పెట్టుకొన్నది.

ఆ తరువాత పెద్ద ఫోటోగ్రాఫర్లు ఆమెను విమర్శించారు. బొమ్మ మసకగా ఉన్నదన్నారు, ప్లేటుపై మరకలున్నాయన్నారు. ఆ మసక మొదట అనుకోకుండా వచ్చినదే. లెన్సు తిప్పుతూ ఉండగా ముఖం అందంగా కనిపించిన చోట ఆమె ఆపివేసేది. అయితే ఆ మెత్తదనం మనిషి ముఖంలోని భావాన్ని పైకి తెస్తున్నదని గ్రహించి, దానిని తెలిసే ఉంచుకొన్నది. 1865లోనే లండనులోని సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియం ఆమె చిత్రాలను కొన్నది. శాస్త్రవేత్త హెర్షెల్, కవి టెన్నిసన్, చార్లెస్ డార్విన్ వంటివారు ఆమె కెమెరా ముందు కూర్చున్నారు.

బెంట్లీ మసకను దిద్దుకొన్నాడు, కామెరన్ మసకను ఉంచుకొన్నది. ఇద్దరూ చేసిన పని ఒక్కటే. చెడిందనుకొన్న చిత్రాన్ని నిదానంగా చూశారు, ఎందుకిలా వచ్చిందని అడిగారు. అయితే నేర్చుకొనేవారు కామెరన్ పేరు చెప్పి తమ తప్పును కప్పుకోరాదు. స్పష్టంగా తీయటం వచ్చిన తరువాతనే మసకను ఎంచుకొనే స్వేచ్ఛ వస్తుంది.

వెంటనే చెరిపివేయకండి

రీలు కెమెరా రోజుల్లో ఒక రీలుకు 36 ఫోటోలు. ఒక్కొక్కదానికీ డబ్బు ఖర్చు. స్టూడియోకు ఇచ్చి రోజుల తరబడి ఎదురుచూడాలి. చెడిన ఫోటో కూడా కాగితంపై అచ్చయి చేతికి వచ్చేది. దానిని చూడక తప్పేది కాదు. ఇప్పుడు ఫోటో బాగుండకపోతే క్షణంలో చెరిపివేస్తున్నాము. ఫోటోతోపాటు పాఠం కూడా చెరిగిపోతున్నది. కాబట్టి చెడిన ఫోటోలను ఒక నెల రోజులు విడిగా దాచండి. ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకొని ఎక్కడ తీశారో, ఏ వేళ తీశారో, ఏమి చెడిందో ఒక్కొక్క వరుసలో వ్రాయండి. నెలాఖరున చదివితే ఒకే తప్పు మళ్ళీ మళ్ళీ వస్తున్నట్లు తెలుస్తుంది. వచ్చే నెల ఆ ఒక్క తప్పునే దిద్దుకోండి.

తరచుగా కనిపించే తప్పులు ఇవి:

మసక: చెయ్యి కదిలినందువలన గాని, లెన్సు మీద జిడ్డు ఉన్నందువలన గాని వస్తుంది. తీసేముందు మెత్తని నూలుగుడ్డతో లెన్సు తుడవండి. మోచేతులను ప్రక్కటెముకలకు ఆనించి, వీలైతే గోడకో స్తంభానికో ఆనుకొని నిలబడండి. వెలుతురు తక్కువైనకొద్దీ చేతి కదలిక ఎక్కువగా తెలుస్తుంది.

నల్లని ముఖం: మనిషి వెనుక కిటికీగాని, తెల్లని ఆకాశంగాని ఉన్నప్పుడు ఇలా జరుగుతుంది. వెలుతురు ముఖం మీద పడేటట్లు వారిని త్రిప్పి కూర్చోబెట్టండి. ఫోను అయితే తెర మీద వారి ముఖాన్ని వేలితో తాకండి. మిట్టమధ్యాహ్నం కళ్ళ క్రింద నీడలు పడతాయి. ఉదయం, సాయంకాలం వెలుతురు మెత్తగా ఉంటుంది. మధ్యాహ్నమే తీయవలసివస్తే అరుగు నీడ మంచిది.

దూరం: మనుషులు చీమలంత, ఆకాశం బారెడంత వస్తుంది. వేళ్ళతో తెరను సాగదీయటం కంటె రెండు అడుగులు ముందుకు వేయటం మేలు.

తలపై మొలిచిన స్తంభం: నొక్కేముందు నాలుగు మూలలూ ఒకసారి చూడండి. కరెంటు స్తంభం, ఆరవేసిన బట్టలు, తెగిపోయిన పాదాలు అప్పుడే కనబడతాయి.

మూసిన కళ్ళు: గుంపు ఫోటో ఒక్కటి తీసి సరిపెట్టవద్దు. వరుసగా నాలుగైదు తీస్తే అందరి కళ్ళూ తెరచి ఉన్నది ఒకటి దొరుకుతుంది.

ఉత్సాహం చల్లారకుండా

తప్పు దిద్దుకోవటం తెలిసినా, మనసు డీలా పడే రోజులు వస్తాయి. అందుకు కొన్ని ఉపాయాలున్నాయి.

మొదటిది, ఒక్క విషయాన్ని ఎంచుకోండి. బెంట్లీ మంచును ఎంచుకొన్నట్లు మీరు మీ పొలాన్ని ఎంచుకోండి. నారుమడి, నాట్లు, కలుపు, వెన్ను, కోత, కుప్ప, నూర్పిడి. ఒకే గట్టు మీద నిలబడి వారానికొకటి తీయండి. ఒక పంటకాలం గడిచేసరికి పొలం కథ మీ దగ్గర ఉంటుంది, మీ చెయ్యి ఎంత కుదురుకొన్నదో కూడా తెలుస్తుంది.

రెండవది, ఇతరుల ఫోటోలతో పోల్చుకొని క్రుంగిపోవద్దు. ఫోనులో మనం చూసేది వారు ఏరి చూపించిన ఒక్కటి. ఏరి ప్రక్కన పెట్టినవి మనకు కనబడవు. మీ పోయిన నెల ఫోటోతో ఈ నెల ఫోటోను పోల్చుకోండి.

మూడవది, నెలకొక ఫోటోను కాగితంపై అచ్చు వేయించి, అందులో ఉన్నవారికి ఇవ్వండి. వారి ముఖంలో కలిగే సంతోషం ఏ పొగడ్తకంటెను ఎక్కువ బలమిస్తుంది.

తలిదండ్రులకు ఒక మాట

పిల్లల మొదటి ఫోటోలను చూచి నవ్వకండి. పొలం పని, చదువు వెనుకబడకుండా చూడటం మీ బాధ్యతే. బెంట్లీ కూడా పాలు పితకటం మాని మంచు వెంట పోలేదు. అయితే ఆ పనిని అర్థం చేసుకోలేని తండ్రి కూడా కెమెరా కొనిచ్చాడని మరచిపోవద్దు. అందరూ ఖరీదైనది కొనియ్యనక్కరలేదు. ఉన్న ఫోనుతో తీసినదానిని అయిదు నిమిషాలు కూర్చొని చూడటం, "ఇది ఎందుకు నల్లగా వచ్చింది?" అని అడగటం చాలు.

ఈ సరదా ఇంటికి ఎంత అవసరమో మరొక సంగతివలన తెలుస్తుంది. మన పల్లెల్లో ఇంటి పెద్ద కన్నుమూసినప్పుడు ఫోటో కొరకు వెదకని ఇల్లు అరుదు. చివరకు ఆధార్ కార్డు మీది బిగుసుకొన్న ముఖమే దొరుకుతుంది. మనుమలు ఎరిగిన తాతయ్య అది కాదు. అరుగు మీద తువ్వాలు భుజాన వేసుకొని నవ్వే తాతయ్య ఫోటో ఇంటిలో ఎవరో ఒకరు నేర్చుకొని తీస్తేనే ఉంటుంది.

యౌవనులారా, బీరువాలో పెట్టిన కెమెరాను బయటకు తీయండి. మసకగా వచ్చిన ఆ పాత ఫోటో ఇంకా ఉంటే మరొకసారి చూడండి. ఏమి చెడిందో పుస్తకంలో మొదటి వరుసగా వ్రాయండి. రేపు ఉదయం ఎండ ముదరకముందే నాయనమ్మను వెలుతురువైపు కూర్చోబెట్టి మళ్ళీ ఒకటి తీయండి.