కాలి కింద నేల కదిలినప్పుడు

ఆరాధనలో పాట పాడుతూ నిలబడినంతసేపు బాగానే ఉంటుందనీ, ప్రార్థనకు కళ్లు మూసుకోగానే తూలినట్లయి ముందున్న బెంచీ పట్టుకోవలసి వస్తోందనీ పెద్దవాళ్లు కొందరు చెబుతుంటారు. బి.పి. తగ్గిందేమో, నీరసమేమో అని కారణం కూడా వాళ్లే చెప్పేస్తారు. కొందరికి అది నిజమే కావచ్చు. కానీ కళ్లు తెరిచినప్పుడు లేని తూలు కళ్లు మూసినప్పుడే వస్తోందంటే ముందుగా చూడవలసింది పాదాలను.

మనం నిలకడగా నిలబడాలంటే మెదడుకు మూడు చోట్ల నుండి కబురు అందుతూ ఉండాలి. కళ్లు ఒకటి, లోపలి చెవి ఒకటి. మూడవది పాదాల చర్మంలో, చీలమండ, మోకాలు కీళ్ల చుట్టూ, కండరాలలో ఉండే సన్నని నరాల కొనలు. నేల ఎటు వాలింది, ఒంటి బరువు మడమ మీద ఉందా వేళ్ల మీద ఉందా అన్నది ఇవే చెబుతాయి. ఆ కబురును బట్టి ఏ కండరం ఎంత బిగించాలో వెన్నుపాము, చిన్నమెదడు క్షణంలో సర్దుతాయి. ఒక చేత్తో గోడ పట్టుకొని ఒంటికాలిపై నిలబడి మీ పాదం వైపు చూడండి. వేళ్లు, చీలమండ అటూ ఇటూ సర్దుకుంటూనే కనిపిస్తాయి.

పాదాల నుండి కబురు సరిగా రాకపోతే ఆ లోటును కళ్లు పూరిస్తాయి. కళ్లు మూస్తే అదీ పోతుంది. జర్మనీ డాక్టరు మోరిట్జ్ రోంబర్గ్ 19వ శతాబ్దంలో దీనిని వర్ణించారు. ఆయన పేరుతోనే ఈ పరీక్షను డాక్టర్లు నేటికీ చేస్తున్నారు. మన రెండు జిల్లాలలో పాదాల స్పర్శ తగ్గడానికి ఈ రోజుల్లో ముఖ్య కారణం చాలాకాలంగా అదుపు తప్పిన షుగరు. వెనుకటి రోజుల్లో కుష్ఠు రోగులకు ఇదే జరిగేది. 1946లో చిత్తూరుకు పక్కనే ఉన్న వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్, ఆ రోగుల కాళ్ల పుండ్లకు అసలు కారణం నొప్పి తెలియక అదే చోట మళ్లీ మళ్లీ దెబ్బ తగలడమేనని చూపించారు. తిమ్మిరెక్కిన షుగరు పాదానికీ అదే మాట వర్తిస్తుంది.

ఇక కదిలే నేల సంగతి. స్వర్ణముఖి ఇసుకలో (ఇసుక ఇంకా మిగిలి ఉన్న చోట) నాలుగడుగులు వేస్తే పిక్కలు లాగడం అందరికీ తెలుసు. అడుగు వేసిన ప్రతిసారీ ఇసుక జారుతుంది. కాలు ఎటు ఒరుగుతుందో ముందుగా తెలియదు గనుక చీలమండకు ముందున్న కండరాలు, వెనుకనున్న పిక్క కండరాలు ఒకేసారి బిగుసుకొని కీలును గట్టిగా పట్టి ఉంచుతాయి. నడుము, పొట్ట కండరాలు కూడా తోడవుతాయి. ఇసుకలో నడకకు గట్టి నేల మీదకంటే రెండింతలకు పైగా శక్తి ఖర్చవుతుందని 1998లో కొలిచి చెప్పారు.

ఈ సర్దుబాటును అభ్యాసంతో మెరుగుపరచవచ్చు. కాలు ఒకసారి బెణికిన వారికి అదే కాలు మళ్లీ మళ్లీ మడతపడుతుంటుంది. ఇంగ్లండులో ఎముకల డాక్టరు మైఖేల్ ఫ్రీమన్ 1965లో ఇటువంటి వారిని ఊగే చెక్క పలక మీద నిలబెట్టి సాధన చేయించగా ఆ బాధ తగ్గింది. ఫిజియోథెరపీ గదిలో మీరు చూసే ఊగే బోర్డు వెనుక కథ ఇదే.

అయితే ఫోనులో వీడియోలు చూసి పెద్ద గాలి బంతులు కొని, వాటి మీద చేస్తే కండ త్వరగా పెరుగుతుందని నమ్మేవారికి ఒక మాట చెప్పాలి. కెనడా పరిశోధకులు 2004లో కొందరి చేత గట్టి బల్ల మీద, గాలి బంతి మీద ఒకే విధంగా చేతులతో బలంగా నెట్టించారు. బంతి మీద నెట్టిన బలం సుమారు 60 శాతం తక్కువ. కండరాలలో పుట్టిన విద్యుత్తు మాత్రం రెండు చోట్లా దాదాపు సమానమే. అంటే కండరం తక్కువేమీ కష్టపడలేదు, ఆ కష్టంలో చాలా భాగం పడిపోకుండా కాపాడుకోవడానికే సరిపోయింది. బలం కావాలంటే గట్టి నేలే మంచిది. అలిపిరి దారిలో 3,550 రాతి మెట్లు ఎక్కేవారి తొడలు గట్టిపడటానికి కారణం ఆ మెట్లు కదలకపోవడమే.

కాబట్టి పెద్దవాళ్లు గట్టి నేల మీదే మొదలుపెట్టాలి. చేతుల సాయం లేకుండా కుర్చీలో నుండి పదిసార్లు లేచి కూర్చోవడం, వంటగట్టు పట్టుకొని మడమలు ఎత్తి దించడం ముందు. తర్వాత పాదాలు దగ్గరగా పెట్టి, ఆపైన ఒక పాదం ముందు ఇంకొకటి వరుసగా పెట్టి, చివరకు ఒంటికాలిపై నిలబడటం. ఒక్కొక్కటి ముప్పై సెకన్లు తూలకుండా చేయగలిగాకే, మడత పెట్టిన బొంత మీద నిలబడి చూడండి. గది మూలకు వీపు పెట్టి, ఎదురుగా బరువైన కుర్చీ ఉంచుకొని, ఇంట్లో ఒకరు పక్కన ఉండగా చేయాలి. టైల్సు మీద బొంత జారుతుంది, కింద రబ్బరు చాప వేయండి. మెత్తటి దాని మీద నిలబడి కళ్లు మూయడం మాత్రం ఇంట్లో వద్దు.

ఈ శ్రమకు ఫలితం ఉంది. 108 పరిశోధనలలో 23 వేలకు పైగా పెద్దవారిని గమనించి 2019లో కాక్రేన్ సంస్థ ప్రచురించిన సమీక్ష ప్రకారం వ్యాయామం వల్ల పడిపోవడం 23 శాతం తగ్గింది. అరవై దాటినవారు పడితే తుంటి ఎముక విరుగుతుందన్న భయం అందరికీ ఉన్నదే. ఆ భయంతో కదలడం మానేసిన వారి కాళ్లు ఇంకా బలహీనపడతాయి.

పాదాలలో స్పర్శ లేనివారు ఇసుకలో, మడి గెనిమల మీద వట్టికాళ్లతో నడవకూడదు. ఎండాకాలపు ఇసుకకు కాలినా వారికి తెలియదు. ఎం.సి.ఆర్. చెప్పులు వేసుకొని, రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోవాలి. తల గిర్రున తిరుగుతుంటే వ్యాయామానికి ముందు డాక్టరుగారికి చూపించాలి. ఉన్నట్టుండి ఒక పక్కకు ఒరిగిపోవడం, మాట ముద్దగా రావడం, మూతి వంకర పోవడం కనిపిస్తే ఆలస్యం చేయక 108కి ఫోను చేయండి.

ఫిజియోథెరపీకి వచ్చేటప్పుడు పండుగ చెప్పులు వద్దు, రోజూ వాడేవే వేసుకొని రండి. మడమ ఏ పక్క అరిగిందో చూస్తే మీరు ఎటు ఒరిగి నడుస్తున్నారో సగం తెలిసిపోతుంది.