వేడిని చూసే బావులు

చిత్తూరు సీమలో బావి అనే మాటకు ఉన్న విలువ వేరు. చెరువు నిండని ఏడు టమాటా తోటకైనా, వేరుశనగ చేనికైనా భూగర్భజలమే ఆధారం. దిగుడు బావులు ఎండిన తరువాత బోర్లు వచ్చాయి; అవి కూడా అంతకంతకు లోతుకు దిగాయి. కనుక ఏ చేను ఎంత నీరు తాగుతున్నదనే లెక్క ఇక్కడ బతుకుతెరువుకు సంబంధించినది. విచిత్రమేమంటే, ఆ లెక్క కట్టడానికి మరొక రకం బావులు తోడ్పడుతున్నాయి. వాటి వెడల్పు నాలుగైదు నానోమీటర్లు మాత్రమే. నానోమీటరంటే మీటరులో వంద కోట్లవ వంతు.

నీరందిన మొక్క ఆకుల నుంచి ఆవిరిని వదులుతుంది. మట్టికుండలో నీరు చల్లబడినట్లే ఆకు కూడా చల్లబడుతుంది. నీరందని చేను వేడెక్కుతుంది. ఈ తేడా మన కంటికి కనబడదు. 27 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉన్న నేల అత్యధికంగా వెలువరించేది సుమారు 10 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం గల పరారుణ కిరణాలను. మన కన్ను 0.7 మైక్రాను దాటి చూడలేదు.

10 మైక్రాన్ల ఫోటాను శక్తి దాదాపు 0.12 ఎలక్ట్రాన్ వోల్టులు. గాలియం ఆర్సెనైడ్ అనే అర్ధవాహకంలో ఎలక్ట్రానును బంధం నుంచి విడిపించాలంటే 1.42 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. అందువల్ల ఆ కిరణం దానికి పట్టుబడదు. అయితే ఆ పదార్థాన్నే అతి పలుచని పొరగా చేసి, రెండు అల్యూమినియం గాలియం ఆర్సెనైడ్ పొరల నడుమ ఉంచితే ఎలక్ట్రాన్లు అందులో బావిలో పడినట్లు చిక్కుకుంటాయి. దీనినే క్వాంటం బావి అంటారు. అందులో ఎలక్ట్రాను ఏ ఎత్తులో పడితే ఆ ఎత్తులో నిలవలేదు. నిర్ణీతమైన మెట్ల మీదనే నిలుస్తుంది. మెట్టు ఎక్కడుండాలో పొర మందం నిర్ణయిస్తుంది. గట్టు ఎంత ఎత్తుండాలో అల్యూమినియం పాలు నిర్ణయిస్తుంది. సరిపడిన శక్తి గల ఫోటాను తాకితే ఎలక్ట్రాను గట్టెక్కి విద్యుత్ ప్రవాహంగా మారుతుంది. 1987లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల శాస్త్రజ్ఞులు ఇటువంటి శోధకాన్ని చేసి చూపారు.

ఏ తరంగదైర్ఘ్యాన్ని పట్టాలో తయారీదారే ఎంచుకోవచ్చుననేదే దీని గొప్పతనం. వేర్వేరు మందాల బావులను ఒకదానిపై ఒకటి పేర్చి, ఒకే ఫలకంతో అనేక తరంగదైర్ఘ్యాలను విడివిడిగా గ్రహించవచ్చు. లోపం కూడా ఉంది. సాధారణ ఉష్ణోగ్రత వద్ద కిరణం తాకకుండానే ఎలక్ట్రాన్లు గట్టు దాటుతాయి. అందుకే 2013 ఫిబ్రవరి 11న ప్రయోగించిన ల్యాండ్‌శాట్-8 ఉపగ్రహంలోని క్వాంటం బావి ఫలకాలను సుమారు మైనస్ 230 డిగ్రీల చలిలో ఉంచారు.

ఒక్క తరంగదైర్ఘ్యం ఎందుకు చాలదు? చేనికీ, 705 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఆ ఉపగ్రహానికీ నడుమ గాలిలోని నీటి ఆవిరి కొంత పరారుణాన్ని మింగివేస్తుంది. చల్లగా ఉన్నది చేనా, లేక తేమ గాలి అలా చూపుతున్నదా అన్నది ఒక్క కొలతతో తేలదు. అయితే ఆవిరి 11 మైక్రాన్ల వద్ద కన్నా 12 మైక్రాన్ల వద్ద ఎక్కువగా మింగుతుంది. రెండు కొలతల తేడాను బట్టి ఆవిరి వాటాను అంచనా కట్టి సరిదిద్దవచ్చు. బంగాళాఖాతపు తేమ గాలి వీచే మాసాలలో తిరుపతి పరిసరాలకు ఈ సవరణ మరీ అవసరం. గాలిలోని తేమను నేరుగా కొలవడానికి తిరుపతి సమీపంలోని గాదంకి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల నుంచి బెలూన్లను ఎగురవేస్తారు.

2016 సెప్టెంబరు 8న శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఇన్సాట్-3డీఆర్‌లో కూడా ఈ రెండు పరారుణ పట్టీలను అమర్చారు. కాని దాని చిత్రంలో ఒక చుక్క నాలుగు కిలోమీటర్ల మేర నేలకు సమానం. ఊరి పొలాలన్నీ అందులో కలిసిపోతాయి. ల్యాండ్‌శాట్ కొలత 100 మీటర్ల వరకు దిగుతుంది గాని, అది అదే చోటికి తిరిగి రావడానికి 16 రోజులు పడుతుంది. ఆ రోజున మేఘం అడ్డుపడితే రెండు తరంగదైర్ఘ్యాలున్నా చేను కనబడదు. కనబడేది మేఘం పైభాగపు చలి మాత్రమే.