ఉదయపు ఆకలి

ఉదయపు ఆకలి అనగా రాత్రి నిద్ర నుండి మేల్కొన్న మనిషికి ఆ రోజు తొలి భోజనంపై కలిగే కోరిక. రాత్రంతా ఏమీ తినకపోయినా చాలామందికి తెల్లవారగానే ఆకలి వేయదు. దంపుడు బియ్యం, చిరుధాన్యాలు, పప్పులు, కూరగాయలు, పండ్లు వంటి శుద్ధి చేయని ఆహారానికి మారినవారిలో కొందరికి ఈ స్థితి మరింత స్పష్టంగా కనిపిస్తుంది. సాధారణంగా ఇది వ్యాధి కాదు. జీవగడియారం, ముందు రాత్రి భోజనం, అలవాటైన భోజన వేళలు కలిసి ఉదయపు ఆకలిని నిర్ణయిస్తాయి.

శరీరధర్మం

ఆకలిని కలిగించే సంకేతాలలో ముఖ్యమైనది జీర్ణాశయంలో తయారయ్యే గ్రెలిన్ అనే హార్మోను. జపాను శాస్త్రవేత్తలు మసయసు కొజిమా, కెంజి కంగావా తమ సహచరులతో కలిసి 1999లో దీనిని కనుగొన్నారు. రక్తంలో గ్రెలిన్ భోజనానికి ముందు పెరిగి, తిన్న తరువాత తగ్గుతుంది. రోజూ ఒకే సమయానికి తినేవారిలో ఆ సమయం సమీపించగానే ఇది పెరగసాగుతుంది.

జీవగడియారం ప్రభావం కూడా గణనీయమైనది. 2013లో అమెరికాలో 12 మంది ఆరోగ్యవంతులపై జరిపిన ఒక పరిశోధన ఫలితాలు ప్రచురితమయ్యాయి. నిద్ర, భోజన ప్రభావాలను వేరుచేసి చూసినప్పుడు, ఆకలి ఉదయం 8 గంటల ప్రాంతంలో అత్యల్పంగా, రాత్రి 8 గంటల ప్రాంతంలో అత్యధికంగా ఉన్నట్లు అందులో తేలింది.

శుద్ధి చేయని ఆహారం పాత్ర

ఇటువంటి ఆహారంలో పీచు పదార్థం, నీరు ఎక్కువ. దీనిని బాగా నమలవలసి ఉంటుంది. తక్కువ కేలరీలతోనే కడుపు నిండుతుంది. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం 20 మందికి రెండు వారాలు అతిగా శుద్ధిచేసిన ఆహారం, రెండు వారాలు శుద్ధి చేయని ఆహారం ఇచ్చింది. ఇష్టమైనంత తినవచ్చునన్నప్పటికీ, శుద్ధి చేయని ఆహారం తిన్న రోజులలో వారు రోజుకు సుమారు 500 కేలరీలు తక్కువగా తిన్నారు.

బరువు తగ్గదలచినవారికి ఇది మేలు. కాని సన్నగా ఉన్నవారికి, చదువుకునే పిల్లలకు, శారీరక శ్రమ చేసేవారికి ఉదయం తినలేకపోవడం వలన రోజు మొత్తానికి అవసరమైన శక్తి అందకపోవచ్చు.

ఆకలిని పెంపొందించే పద్ధతులు

* రాత్రి భోజనాన్ని పెందలాడే, మితంగా ముగించడం. శనగలు, రాజ్మా, నూనె ఎక్కువైన కూరలు వంటివి మధ్యాహ్నానికి మార్చుకోవచ్చు.
* ప్రతిదినం ఒకే వేళకు నిద్ర లేవడం, ఒకే వేళకు తినడం.
* లేచిన వెంటనే తినకుండా, ఎండ తగిలేలా కొంతసేపు నడవడం. తీవ్రమైన వ్యాయామం ఆకలిని తాత్కాలికంగా అణచివేస్తుంది.
* మొదట అరటిపండు, గుప్పెడు నానబెట్టిన వేరుశనగలు వంటి కొద్దిపాటి ఆహారంతో ప్రారంభించి క్రమంగా పెంచడం. 100 గ్రాముల అరటిపండులో సుమారు 90 కేలరీలుండగా, అంతే బరువున్న వేరుశనగ గింజలలో 560కి పైగా ఉంటాయి. కనుక తక్కువ తినగలిగినవారికి గింజలు, నువ్వులు, కొబ్బరి ఉపయోగకరం.
* టీ, కాఫీలను తిన్న తరువాత కొంత వ్యవధి ఇచ్చి తాగడం. భోజనంతో పాటు టీ తాగితే ధాన్యాలు, పప్పులలోని ఇనుము శరీరానికి సరిగా అందదు.

తెలుగువారి అలవాట్లు

ఆంధ్ర, తెలంగాణ పల్లెలలో ఇడ్లీ, దోసెల కంటే ముందునుండి చద్దన్నం, రాగి అంబలి, జొన్న గటక ఉదయాహారంగా ఉండేవి. రైతులు చద్దిమూటతో పొలానికి వెళ్ళి, కొంత పని చేసిన తరువాత తినేవారు. అంటే శ్రమ ముందు, ఆహారం తరువాత. అంబలిలో మజ్జిగ, ఉల్లిపాయ కలుపుకోవడం పరిపాటి. పలుచగా ఉండే అంబలి ఆకలి లేనివారికి కూడా సులువుగా దిగుతుంది.

జాగ్రత్తలు

ఆకలి లేకపోవడంతో పాటు కారణం తెలియకుండా బరువు తగ్గడం, వాంతులు, మింగడంలో ఇబ్బంది, కామెర్లు, విడవని జ్వరం ఉంటే వైద్యుని సంప్రదించాలి. ఇన్సులిన్ లేదా కొన్ని రకాల మధుమేహ మాత్రలు వాడేవారు ఉదయాహారం మానివేస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. అందువలన వారు ఆకలి కోసం వేచి ఉండక, వైద్యుడు సూచించిన వేళకే తినాలి.