చెరువు ఈత, పందెపు ఈత

మనుబోలు ప్రాంతమున ఒక పిల్లవానిని నిలిపి "నీకు ఈత ఎవరు నేర్పించార్రా?" అని అడిగినచో అతడు ఏ గురువు పేరును చెప్పడు. మేనమామ నడుమునకు ఎండిన సొరబుర్ర కట్టి బావిలోనికి దింపెననియో, అన్న చెరువుగట్టు మీదినుండి నెట్టి తాను ప్రక్కనే దూకెననియో చెప్పును. సొరబుర్ర స్థానమున ఇటీవల బండి ట్యూబు వచ్చినది. అంతకు మించి ఆ విద్యలో మార్పు లేదు. వేసవి సెలవులలో నలుగురు పిల్లలు గట్టున నిలిచి, ఒకడు "ఒకటి, రెండు, మూడు" అన్నంతనే నీట దూకుదురు. మూడు అనకముందే దూకినవానిని మిగిలిన ముగ్గురు తిట్టుదురు గాని పందెము మాత్రము ఆగదు. అవతలి గట్టున చేయి పెట్టినవాడు తాను గెలిచితిననును. కాలు మోపినవాడును తానే గెలిచితినని వాదించును. చీకటి పడువరకు ఆ వ్యాజ్యము తెగదు.

పరిహాసమునకై ఈ మాట చెప్పలేదు. పందెపు ఈత నియమములన్నియు ఇట్టి వ్యాజ్యములనుండియే పుట్టినవి. ఎవడు ముందు దూకెను? ఎవడు ముందు తాకెను? దేనితో తాకెను? నీటిపైన వచ్చెనా, నీటి అడుగున వచ్చెనా? ఈ ప్రశ్నలకు 1908లో లండనులో ఏర్పడిన అంతర్జాతీయ ఈత సమాఖ్య నూరేండ్లకు పైగా సమాధానములు వ్రాయుచు, దిద్దుచు వచ్చినది. ఫినా అను పేరుతో ప్రసిద్ధమైన ఆ సంస్థయే నేడు వరల్డ్ అక్వాటిక్స్ అని వ్యవహరింపబడుచున్నది.

ఈ నియమములు తెలియకపోవుట వలన కలుగు నష్టము చిన్నది కాదు. మా విద్యార్థి ఒకడు, చెరువు ఈత తప్ప వేరొకటి ఎరుగనివాడు, ఒక పోటీలో బ్రెస్ట్‌స్ట్రోక్ పందెమునకు దిగెను. సగము దూరము వరకు అతడే ముందు. గోడను సమీపించి, ఒక చేతితో తాకి, చెరువుగట్టున తిరిగినట్లే గిరుక్కున తిరిగెను. పందెము ముగిసిన పిదప అంటించిన ఫలితముల కాగితమున అతని పేరున కాలము లేదు. అనర్హుడని తెలుపు రెండు ఇంగ్లీషు అక్షరములు మాత్రము ఉండెను. కారణము అడుగవచ్చునని అతనికి తెలియదు. వెంట వచ్చినవారికిని తెలియదు. మరల అతడు పందెమునకు పోలేదు. ఊపిరి ఉన్నది, భుజబలము ఉన్నది. లేనిదెల్ల ఎవరో ఒకరు ముందుగా చెప్పవలసిన ఒక్క వాక్యము. ఆ వాక్యమును, దానితోపాటు మరికొన్నిటిని, ఉపాధ్యాయుల చెవిన వేయవలెనని నా ఉద్దేశము.

మొదట సంఘమున చేరు సంగతి. పందెపు ఈతకు కొలతగల కొలను కావలెను. అది 50 మీటర్లదైనను, 25 మీటర్లదైనను కావచ్చును. మనుబోలు పిల్లవాడు దానికై నెల్లూరు పోవలెను. రైలున్నది, జాతీయ రహదారిపై బస్సులున్నవి. దూరము పాతిక, ముప్పది కిలోమీటర్లు. అచ్చట ఏ.సి. సుబ్బారెడ్డి క్రీడాప్రాంగణమున ఈతకొలను కలదు. ఇంకను దూరము పోగలవారికి విజయవాడలో అక్వా డెవిల్స్ సంఘమున్నది. కృష్ణానదిని అడ్డముగా ఈదు పోటీలను జరిపి ఆ సంఘము పేరు పొందినది. హైదరాబాదున 2002 జాతీయ క్రీడల నాటి గచ్చిబౌలి కొలను ఉన్నది.

చేర్చుటకు ముందు తల్లిదండ్రులు రుసుము ఎంత అని మాత్రమే అడిగి ఊరకుందురు. అంతకంటె ముఖ్యమైనవి వేరే కలవు. శిక్షకుడు నీటిగట్టున నిలిచి చూచునా, లేక కుర్చీలో కూర్చుండి పత్రిక చదువునా? మునిగినవానిని తీయుటకు వేరుగా ఒక మనిషి ఉన్నాడా? ఆ సంఘము జిల్లా ఈత సంఘముతో అనుబంధము కలదేనా? ఈ చివరి ప్రశ్నను తేలికగా తీసికొనరాదు. సంఘము నుండి జిల్లాకు, జిల్లా నుండి రాష్ట్రమునకు, రాష్ట్రమునుండి భారత ఈత సమాఖ్యకు మెట్లు కలవు. మొదటి మెట్టు లేనివాడు పైమెట్టు ఎక్కలేడు. పాఠశాలల ద్వారా పోవు మార్గము మరియొకటి ఉన్నది. పాఠశాల క్రీడల సమాఖ్య 14, 17, 19 ఏండ్లలోపువారికి వేరువేరుగా పోటీలు జరుపును. ఏ మార్గమైనను జనన ధ్రువపత్రము సరిగా ఉండవలెను. బడిలో చేర్చునాడు వ్రాసిన తేదీ ఒకటి, పంచాయతీ పుస్తకములోని తేదీ ఒకటి అయినచో పిల్లవాని ఈత నీటిలో గాక కార్యాలయములలో సాగును.

సంఘమున చేరిన తొలి నెలలో చెరువు పిల్లవానికి చిన్నతనముగా తోచును. తల పైకెత్తి ఈదుట అతని అలవాటు. చెరువున నాచు, కంప, పాము చూచుకొనవలెను గదా! కొలనులో శిక్షకుడు తల నీట ఉంచి, ప్రక్కకు త్రిప్పి ఊపిరి పీల్చుమనును. తల ఎత్తినకొలది నడుము క్రుంగును, నడుము క్రుంగినకొలది నీరు అడ్డుపడును. ఒకే వరుసలో నలుగురైదుగురు సాధన చేయుదురు గనుక పోవువారు ఒక ప్రక్కను, వచ్చువారు వేరొక ప్రక్కను పట్టి పోవలెను; ముందువాని కాళ్లపై పడరాదు. ఇది రహదారి మర్యాద వంటిదే, మన రహదారులలో కంటె ఎక్కువగా పాటింపబడును.

ఆడపిల్లల విషయము వేరుగా చెప్పవలసియున్నది. పదేండ్లు నిండిన ఆడపిల్లను మన ఊళ్లలో చెరువునకు పోనీయరు. కావున స్త్రీలకు వేరు సమయము, స్త్రీ శిక్షకురాలు గల కొలనే ఆమెకు ఈత నేర్చుటకు మిగిలిన ఏకైక స్థానము. 1959లోనే ఆరతీ సాహా ఇంగ్లీషు కాలువను ఈది, ఆసియా స్త్రీలలో అట్లు ఈదిన మొదటివారైరి. మన తెలుగునాట గోలి శ్యామల గారు 2021లో పాక్ జలసంధిని ఈదిరి. ఏబది దాటిన వయస్సున విశాఖపట్టణము నుండి కాకినాడ వరకు 150 కిలోమీటర్లు దినమునకు కొంతగా ఈది 2025 జనవరిలో ముగించిరి. అవి సముద్రపు ఈతలు, కొలను పందెములు కావు. అయినను తమ కుమార్తెను నీట దింపుటకు జంకు తండ్రికి ఆ సంగతులు చెప్పదగినవి.

ఇక నియమములు. ఎనిమిది వరుసల కొలనులో అందరికంటె వేగము గలవానికి నాలుగవ వరుస ఇత్తురు. తరువాతివానికి ఐదు, ఆ తరువాత మూడు, ఆరు, ఈ విధముగా అంచులకు పోవును. అంచు వరుస దొరికినదని చిన్నబుచ్చుకొనరాదు. అది అతని పూర్వపు కాలమునుబట్టి వచ్చినది. రెఫరీ దీర్ఘముగా ఈల వేయగానే పలక ఎక్కవలెను. "టేక్ యువర్ మార్క్స్" అన్నంతనే వంగి కదలక నిలువవలెను. సంకేతమునకు ముందే బయలుదేరినవాడు అనర్హుడు. ఒక తప్పు క్షమించి రెండవమారు పందెము పెట్టుట పూర్వము ఉండెను, నేడు లేదు. చెరువుగట్టున "మూడు" అనకముందే దూకుటకు అలవాటుపడినవాడు ఇచ్చట మొదట చిక్కును.

నాలుగు ఈతల పేర్లను తెనిగింపవలెనని నాకు కోరికయే గాని, వెల్లకిల ఈత తప్ప తక్కినవి నోట నిలుచునట్లు కుదరలేదు. "సీతాకోకచిలుక ఈత" అని రెఫరీ పిలుచునాటికి పందెము ముగియును! కావున వాడుక పేర్లనే వాడుచున్నాను.

ఫ్రీస్టైల్ అనగా ఏ విధముగానైనను ఈదవచ్చును. తిరుగునప్పుడు శరీరములో ఏ భాగముతోనైనను గోడను తాకిన చాలును. అలసి కొలను అడుగున నిలిచినను అనర్హత లేదు, నడిచినచో మాత్రము ఉన్నది. బ్యాక్‌స్ట్రోక్‌లో వెల్లకిలనే ఉండవలెను. మలుపు వద్ద కొంత బోర్లపడుటకు అనుమతి కలదు గాని ముగింపున వెల్లకిలనే తాకవలెను. గోడ కనబడదు గనుక, గోడకు 5 మీటర్ల ముందు నీటిపైన చిన్న జెండాల తోరణము కట్టుదురు. జెండా దాటిన పిదప ఎన్ని బారలకు గోడ వచ్చునో ప్రతివాడును లెక్కించి ఉంచుకొనును. లెక్క తప్పినవాని తల గోడకు తెలియును. బ్రెస్ట్‌స్ట్రోక్, బటర్‌ఫ్లైలలో మలుపు వద్దను, ముగింపునను రెండు చేతులును ఒక్కసారే, విడివిడిగా, గోడను తాకవలెను. మా విద్యార్థికి ఎవరును చెప్పని వాక్యము ఇదియే.

బటర్‌ఫ్లై పుట్టుకయే ఒక వ్యాజ్యము. బ్రెస్ట్‌స్ట్రోక్ ఈదువారిలో కొందరు, నియమములలో నిషేధము లేదుగదా యని, చేతులను నీటిపైనుండి విసరుట మొదలిడిరి. వేగము పెరిగెను; పాత పద్ధతివారు వెనుకబడిరి. 1952 హెల్సింకీ ఒలింపిక్సు పిదప రెండింటిని వేరుచేసిరి. 1956 మెల్బోర్నులో బటర్‌ఫ్లై ప్రత్యేక పందెమయ్యెను. అదే మెల్బోర్నులో మరియొక చిక్కు వచ్చెను. జపానువాడైన మసారు ఫురుకావా 200 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్‌ను అధికభాగము నీటి అడుగుననే ఈది స్వర్ణము గెలిచెను. నీటిపై అల ఉండును, అడుగున ఉండదు. ఊపిరి పట్టగలవానికి అది లాభము. చూచువారికి మాత్రము పందెమే కనబడదు. వెంటనే నియమము మార్చిరి.

దుర్యోధనుడు జలస్తంభన విద్యతో మడుగున దాగిన కథను తిక్కన గారి తెలుగున చదువుకొన్న నెల్లూరివారికి ఈ విద్య కొత్త కాదు. ఆతనిని బయటికి రప్పించుటకు ధర్మరాజు మాటలు కావలసివచ్చెను. ఈతగాండ్రను రప్పించుటకు 15 మీటర్ల గీత కావలసివచ్చెను. 1988 సియోలులో డేవిడ్ బెర్కాఫ్, సుజుకీ డైచీ బ్యాక్‌స్ట్రోక్‌లో దాదాపు 30 మీటర్లు మునిగియే పోయిరి, సుజుకీ గెలిచెను. తరువాత హద్దు విధించిరి. నేడు ఫ్రీస్టైల్, బ్యాక్‌స్ట్రోక్, బటర్‌ఫ్లైలలో దూకిన పిదపను, మలుపు పిదపను 15 మీటర్ల లోపల తల నీటిపైకి రావలెను.

ఎవరు ముందు తాకిరను ప్రశ్న అన్నింటికంటె కష్టమైనది. 1960 రోములో 100 మీటర్ల ఫ్రీస్టైల్ పందెమున గడియారములు అమెరికావాడైన లాన్స్ లార్సన్ ముందనెను. కన్నులతో చూచిన న్యాయనిర్ణేతలు భిన్నాభిప్రాయులైరి. చివరకు స్వర్ణము ఆస్ట్రేలియావాడైన జాన్ డెవిట్‌కు ఇచ్చిరి. అట్టి తగవులు తీర్చుటకు గోడపై తాకిన క్షణమున గడియారము నిలుచునట్టి విద్యుత్ పలకలు వచ్చినవి. యంత్రము వచ్చినంతనే మరియొక అతి కలిగెను. 1972 మ్యూనిక్‌లో 400 మీటర్ల మెడ్లీలో గున్నార్ లార్సన్, టిమ్ మెకీ ఇద్దరును 4 నిమిషముల 31.98 సెకనులలో చేరిరి. మూడవ దశాంశము చూచి, 0.002 సెకను తేడాతో లార్సన్‌కు స్వర్ణమిచ్చిరి. విద్యార్థులు లెక్క వేసి చూడవచ్చును: వారి సగటు వేగమున అంత కాలములో పోవు దూరము 3 మిల్లీమీటర్లైనను లేదు. ఒక వరుసలో గోడ అంతమాత్రము ముందుకు వచ్చియుండదని ఏ మేస్త్రీ ప్రమాణము చేయగలడు? అందుచేత తరువాత సెకనులో నూరవ భాగము వద్దనే లెక్క నిలిపిరి. 2016 రియోలో 100 మీటర్ల బటర్‌ఫ్లైలో మైకేల్ ఫెల్ప్స్, చాడ్ లె క్లోస్, లాస్లో చే ముగ్గురును 51.14 సెకనులలోనే చేరిరి. ముగ్గురికిని రజతమే ఇచ్చిరి. కొలవగలిగినదంతయు కొలవకుండుట కూడ న్యాయమేయని ఒప్పుకొన్న ఈ నియమమునందు నాకు ఎక్కువ గౌరవము.

రిలేలో ముందువాడు గోడ తాకకముందే తరువాతివాని పాదములు పలకను విడిచినచో జట్టంతయు అనర్హమగును. మెడ్లీ పందెములలో ఈతల వరుస కంఠస్థము చేయవలెను. ఒక్కడు ఈదునప్పుడు బటర్‌ఫ్లై, బ్యాక్, బ్రెస్ట్, ఫ్రీ. రిలేలో మాత్రము బ్యాక్, బ్రెస్ట్, బటర్‌ఫ్లై, ఫ్రీ. బ్యాక్‌స్ట్రోక్‌వాడు నీటిలోనుండియే బయలుదేరవలెను గనుక, వచ్చువానికి అడ్డుగా నిలువకుండ అతనిని మొదట ఉంచిరి.

అనర్హుడని వ్రాసిన కాగితమును చూచి తల వంచుకొని వచ్చివేయనక్కరలేదు. ఏ నియమము తప్పెనో అడుగుటకును, నిర్ణయముపై గడువులోపల వ్రాతపూర్వకముగా అభ్యంతరము చెప్పుటకును జట్టు పెద్దకు హక్కు కలదు. ఆ రోజు వెంటపోవు ఉపాధ్యాయుడు తాను ఈతగాడు కానక్కరలేదు. ఒక కాగితము, కలము, ఈ హక్కును గూర్చిన ఎరుక ఉండిన చాలును.

ప్రపంచారోగ్య సంస్థ లెక్క ప్రకారము 2021లో నీట మునిగి మరణించినవారు సుమారు 3 లక్షలమంది. కావున పందెమునకైనను, సాధనకైనను, ఈత తెలిసిన పెద్దవాడు గట్టున లేనిదే పిల్లలను నీట దింపరాదు. ఆ పెద్దవాడు చేతికందునట్లు ఒక పొడవైన త్రాడు, ఒక గాలి ట్యూబు ఉంచుకొనవలెను. అట్టివాడు ఉండినచో, రెండు చేతులతో తాకుట నేర్చుటకు నెల్లూరు వరకు ఆగనక్కరలేదు. నడుములోతు నీరు, ఒక రాతిమెట్టు చాలును. పది బారల దూరము నుండి వచ్చి, రెండు అరచేతులును ఒకేసారి మెట్టుమీద చప్పుడగునట్లు ఉంచుమని చెప్పవలెను. రెండు చప్పుళ్లు వినబడినచో మరల వెనుకకు పంపవలెను.