కానరాని బుడగలపై కాపలా

గొల్లపల్లిలో చీకటివేళ బావిలోనికి బొక్కెనను దించినపుడు, అది కంటికి కానరాకున్నను, బుడగల గుడగుడను బట్టి నీట మునిగినదని మనము గ్రహింతుము. నేటి వైద్యశాస్త్రము శరీరములోని బుడగలను ఇట్లే ఆలకించుచున్నది.

చెవికి వినబడని అతిధ్వని తరంగములను కంతిపై కేంద్రీకరించినచో, అచ్చట సూక్ష్మమైన బుడగలు పుట్టి, క్షణములో కూలి, కణజాలమును ఛిద్రము చేయును. కూలు బుడగ ఎంతటి పీడనమును పుట్టించునో 1917లోనే ర్యాలీ ప్రభువు గణించెను. కాలేయపు కంతులకు ఈ కత్తిలేని చికిత్సను అమెరికా ప్రభుత్వము 2023 అక్టోబరులో అనుమతించినది.

బుడగలు గురి తప్పినచో ఆరోగ్యమైన భాగమునకే హాని. కావున వానిని ఎడతెగక కనిపెట్టవలెను. ధ్వనిని బలముగా ప్రతిఫలింపజేయుటచే అవి స్కానింగు తెరపై తెల్లగా మెరయును. అవి చేయు సవ్వడి వేర్వేరు గ్రాహకములకు చేరు కాలభేదమును బట్టి వాని స్థానమును తెలిసికొను పద్ధతియు కలదు. గురి తప్పినంతనే వైద్యుడు తరంగములను ఆపి, రోగిని కాపాడగలడు.