పాత పజేరో కొనేటోళ్లు ముందుగాల మల్టీమీటర్ కొనుర్రి

ఊర్లల్ల ఇప్పుడొక ముచ్చట జోరుగ నడుస్తున్నది. కొత్త చిన్న కారు కొనే పైసలకే పాత పజేరో వస్తది, పాత ఎండీవర్ వస్తది, ఇంకిన్ని కలిపితే ల్యాండ్ రోవర్ కూడ ఇంటి ముంగట నిలవడ్తదని. అబద్ధమేం గాదు, నిజంగనే వస్తది. కని తగ్గింది బండి ధర ఒక్కటే, దాని సామాన్ల ధర తగ్గలే. నలభై లక్షల బండి ఐదారు లక్షలకు దొరికినా, దాంట్ల ఏదన్న ఖరాబైతే వచ్చే బిల్లు నలభై లక్షల బండి బిల్లే. ఈ లెక్క తెల్వక ఎకరం అమ్మిన పైసలు షెడ్డు పాలు జేసుకుంటున్న తమ్ముళ్లను చూస్తున్న. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్న.

నేనుండేది బోరబండల. గుట్టెక్కితే జూబ్లీహిల్స్, ఇటు దిగితే సనత్‌నగర్ ఫ్యాక్టరీలు. పెద్ద బంగ్లాలల్ల కొత్తగ మెరిసిన బండ్లు పదేండ్లు దాటినంక మెల్లగ గుట్ట దిగి మా గల్లీలకొస్తయ్. నా దగ్గర ఉన్న పజేరో ఎస్‌ఎఫ్‌ఎక్స్ కూడ అట్ల దిగొచ్చిందే. 2002 నుంచి హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు తమిళనాడుల తిరువళ్లూరు దగ్గర జేసిన బండి, 2.8 లీటర్ల డీజిల్ ఇంజను. ఇయ్యాల అది తయారైతలేదు. ఎండీవర్ జేసిన ఫోర్డు కూడ ఇక్కడ కార్ల తయారీ బంద్ పెడ్తున్నమని 2021 సెప్టెంబర్‌ల చెప్పేసింది. అంటే ఈ బండ్లను బతికించుకునుడు ఇగ ఓనర్ల చేతులల్లనే ఉన్నది.

ఇంకో దిక్కు, ఢిల్లీ బండ్లు. అక్కడ పదేండ్లు దాటిన డీజిల్ బండి రోడ్డెక్కొద్దని 2015ల హరిత ట్రిబ్యునల్ అన్నది, 2018ల సుప్రీంకోర్టు దాన్నే ఖాయం జేసింది. తర్వాత కొంత సడలింపు వచ్చినా, ఆ దెబ్బకు మస్తు బండ్లు సస్తాల దక్షిణాదికి వచ్చినయ్. అసొంటి బండి కొనేటప్పుడు ఎన్‌ఓసీ, ఇక్కడ కట్టే లైఫ్ ట్యాక్సు ధరల కలిపి లెక్కేసుకోవాలె. ఆర్సీ 15 ఏండ్లకు అయిపోతది, ఆ తర్వాత ఐదేండ్లకోసారి రెన్యువల్. 2022 ఏప్రిల్ నుంచి కారు రెన్యువల్ ఫీజు 600 నుంచి 5,000 అయ్యింది.

కొన్నంక అసలు కత మొదలైతది. నా అనుభవంల తేలింది ఒక్కటే మాట: పాత బండి రోగాలల్ల శానమట్టుకు పెద్ద సామాను చచ్చిపోయి వచ్చేటివి గావు. గట్టిపడ్డ రబ్బరు పైపు, తుప్పు పట్టిన వైరు, వదులైన అర్తింగు, వీటి కాడికెల్లే వస్తయ్. రోగమేందో కనిపెట్టకుండ సామాను మార్చుకుంట పోతే పైసలు అయిపోతయ్, రోగం అట్లనే ఉంటది.

నా బండి ముచ్చటనే చెప్త. నాలుగు చక్రాల గేరేస్తే మీటర్ల ముందు చక్రాల లైట్లు ఆగకుండ మినుక్కు మినుక్కుమన్నయ్. ఒక షెడ్డుల చూపిస్తే ట్రాన్స్‌ఫర్ కేస్ మొత్తం విప్పాలె, లక్షకు దగ్గర ఖర్చు అన్నరు. ఇంటికొచ్చి బండి ఎట్ల పనిచేస్తదో చదివిన. ఆ మోడల్‌ల ముందు ఇరుసును కలిపేది వ్యాక్యూమ్. గేరేసినప్పుడు బానెట్ కింద ఉన్న రెండు సొలినాయిడ్ వాల్వులు తెరుచుకుంటయ్, సన్న రబ్బరు పైపుల గుండ గాలి గుంజబడ్తది, ఆ గుంజుడుకు ఇరుసుల ఒక కాలరు జరిగి రెండు ముక్కలను కలుపుతది. కలిసిందని ఒక స్విచ్చి చెప్తేనే లైటు నిలవడ్తది. పైపు పగిలితే గుంజుడుండది, కాలరు జరగది, లైటు మినుక్కుమంటనే ఉంటది. పైపులు ఒక్కొక్కటి వంచి చూస్తే ఒకటి ఎండిన చింతబరిగె లెక్క విరిగింది. కొత్త పైపుకు వంద రూపాయలు గూడ కాలే. లైటు నిలవడ్డది.

ల్యాండ్ రోవర్ డిస్కవరీ 3, 4 లెక్కటి బండ్లల్ల ఇదే కత గాలి సస్పెన్షన్‌ది. పొద్దుగాల లేచి చూస్తే బండి ఒక మూలకు కుంగి ఉంటది. కంప్రెషర్ పోయిందని మారుస్తరు, ఖరీదు మస్తు. కొన్ని నెలలకు కొత్తది కూడ కాలిపోతది. ఎందుకు? గాలి ఎక్కడనో లీకైతాంది, లీకైన గాలిని నింపుటానికి కంప్రెషర్ ఊకె తిరిగి తిరిగి కాలిపోతాంది. ముందుగాల లీకు దొరకవట్టాలె. రాత్రి నాలుగు చక్రాల మీద రేకు ఎంత ఎత్తుల ఉన్నదో టేపుతోని కొలిచి రాసుకోవాలె, పొద్దుగాల మళ్ల కొలవాలె. ఏ మూల దిగితే లీకు ఆ దిక్కున్నట్టు. అక్కడి జాయింట్లకు సబ్బు నీళ్లు కొడ్తే బుడగలొస్తయ్. సైకిల్ ట్యూబు పంక్చర్ చూసే పద్ధతే. కని గాలి మీద నిలవడ్డ బండి కిందికి మాత్రం దూరొద్దు, ఎప్పుడన్న ఒక్కసారిగ దిగొచ్చు.

ఇగ మల్టీమీటర్ ఎందుకన్ననో చెప్త. ఈ బండ్లల్ల చిన్న చిన్న కంప్యూటర్లు శాన ఉంటయ్. కరెంటు జర తక్కువైతే అవి ఒకదాని మీద ఒకటి ఫిర్యాదులు జేస్తయ్: బ్రేకు లైటు, సస్పెన్షన్ లైటు, గేర్‌బాక్సు లైటు, అన్నీ ఒక్కసారే ఎలుగుతయ్. భయపడొద్దు. రాత్రంత ఆపిన బండి బ్యాటరీ 12.6 వోల్టులు చూపెట్టాలె. 12.2 చూపెడితే సగం ఖాళీ. ఇంజను నడుస్తుంటే 13.8 నుంచి 14.5 మధ్యల ఉండాలె, లేకుంటే ఆల్టర్నేటర్ చూడాలె. ఇంకో పరీక్ష: మీటరు ఒక కొస బ్యాటరీ మైనస్‌కు, ఇంకో కొస ఇంజను ఇనుముకు పెట్టి సెల్ఫు కొట్టమనాలె. అర వోల్టు కన్న ఎక్కువ చూపెట్టిందంటే అర్తింగు పట్టీ తుప్పు పట్టినట్టు. విప్పి ఇసుక కాయితంతోని రుద్ది బిగిస్తే చాలు. ఎలుకలు కొరికిన వైర్లు కూడ చూడుర్రి, నిలవడ్డ బండిల వాటి కాపురం పెద్దది.

బ్లూటూత్ స్కానర్లు కూడ ఇప్పుడు తక్కువకే దొరుకుతున్నయ్. కని కోడు వచ్చిందని ఆ సెన్సరు కొనుక్కరావొద్దు. జరం ఎంతున్నదో థర్మామీటర్ చెప్తది, జరం ఎందుకొచ్చిందో అది చెప్పదు. స్కానర్ కూడ అంతే.

నీళ్ల ముచ్చట వేరేగ చెప్పాలె. మన బోరు నీళ్లు కాగబెడ్తే గిన్నెకు తెల్లగ సున్నం పడ్తది గద, రేడియేటర్ల అవే నీళ్లు పోస్తే లోపల గదే పడ్తది. సన్న గొట్టాలు మూసుకపోయి ఇంజను కాగుతది. నా బండి ఇంజను హెడ్డు అల్యూమినియంది, ఒక్కసారి బాగా కాగితే వంకర పోతది, పగుల్తది కూడ. కంపెనీ చెప్పిన కూలెంటు, డిస్టిల్డ్ వాటర్, అంతే. కాగిన ఇంజను మూత తీయనే వొద్దు. టైర్లు కూడ అరగలేదని మురవొద్దు, రబ్బరుకు కిలోమీటర్ల కన్న ఏండ్లే ఎక్కువ దెబ్బ. టైరు పక్కన నాలుగు అంకెలుంటయ్: 2319 అంటే 2019ల 23వ వారం తయారైందన్నట్టు.

అన్నీ ఇంట్లనే జేద్దామనుడు కూడ తప్పే. కొత్త డీజిల్ ఇంజన్లల్ల ఇంజెక్టర్లకు పోయే పైపుల ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతది, అంటే టైరుల ఉండే గాలికి నాలుగొందల రెట్లు. లీకు ఎక్కడుందని చెయ్యి పెట్టి చూస్తే డీజిల్ తోలు చీల్చి లోపలికి పోతది. అది సూది గాయం లెక్క కనవడ్తది, కని చెయ్యే పోవచ్చు. ఎయిర్‌బ్యాగు వైర్లు, టైమింగు బెల్టు, బ్రేకుల హైడ్రాలిక్ పని ఎరుకైనోళ్లకే ఇడవాలె. ఒట్టి జాకీ మీద బండి లేపి కిందికి పోవుడంటే పానంతోని ఆడుకున్నట్టే. సదరం నేల, చక్రాలకు అడ్డం రాళ్లు, ఇనుప స్టాండ్లు ఉంటేనే పోవాలె.

సామాను కొనేటప్పుడు బండి పేరు చెప్పి అడగొద్దు, పార్టు నంబరు చెప్పి అడగాలె. శాన కంపెనీలు ఫిల్టర్లు, సెన్సర్లు బయటోళ్ల దగ్గర జేయించుకుంటయ్. అదే సామాను కార్ కంపెనీ డబ్బాల ఒక రేటు, జేసినోని డబ్బాల ఇంకో రేటు. రాణీగంజ్, పుత్లీబౌలి దుకాణాలల్ల అడగుర్రి. పాత సామానుకైతే చెన్నై పుదుపేట, ఢిల్లీ మాయాపురి దాక తెలిసినోళ్లతోని ఆరా తీయొచ్చు. ఏ తారీకుల, ఎన్ని కిలోమీటర్లకు ఏం మార్చినమో ఒక నోట్‌బుక్కుల రాసి పెట్టుర్రి. రేపు అమ్మేటప్పుడు ఆ బుక్కే మీ తరఫున మాట్లాడ్తది.

ఇంత చెప్పినంక అసలు అడగాల్సింది ఒకటున్నది. బండి మనది, పైసలు మనయి, మరి దాని రిపేరు పుస్తకం, దాని కంప్యూటర్ తెరిచే తాళం కంపెనీ దగ్గర ఎందుకుండాలె? కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబర్ 24న రిపేరు హక్కు పోర్టల్ తెరిచింది. అండ్ల ఫోన్లు, ఇంటి సామాన్లు, కార్లతోని పాటు వ్యవసాయ యంత్రాలు కూడ ఉన్నయ్. పోర్టల్ మంచిదే, కని అది కంపెనీల మీద కట్టుబాటు పెట్టే చట్టం గాదు. గిది ఒక్క పజేరో ఓనర్ల బాధ అనుకోవద్దు. రేపు మన ట్రాక్టర్లు, కోత మిషన్లల్ల కూడ ఈ కంప్యూటర్లే వస్తయ్. వానకాలం వరి కోతల నడుమ మిషన్ ఆగితే, లాప్‌టాప్ పట్టుకొని కంపెనీ మనిషి వచ్చేదాక రైతు పొలం గట్టు మీద కూసోవాల్నా?

అందుకే తమ్ముళ్లు, సోకు కోసం కొంటే ఈ బండి మిమ్ముల మింగుతది. నేర్చుకుందామని కొంటే బతుకుదెరువు గూడ అయితది. ఐటీఐల మోటార్ మెకానిక్ కోర్సు రెండేండ్లదే. రోగం కనిపెట్టే చెయ్యికి మండలంల ఇప్పటికే కరువున్నది.