మబ్బు పట్టినా లగ్గం ఆగదు
పెళ్లి ఫొటోలకు ముందుచూపే రక్ష

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో వేసవి లగ్గాలకు గాలివాన గండం ఎప్పుడూ ఉన్నదే. వైశాఖ, జ్యేష్ఠ మాసాల్లో ముహూర్తాలు ఎక్కువ. యాసంగి పంట చేతికి వచ్చి, పిల్లలకు బడి సెలవులు ఉండేది కూడా అప్పుడే. పగలంతా నిప్పులు చెరిగిన ఎండ సాయంత్రం కాకముందే మబ్బుగా మారుతుంది. ముందు దుమ్ము లేస్తుంది, వెనుకనే షామియానా లేస్తుంది. తలంబ్రాల వేళకు చుట్టాలు చెట్టుకొకరు, పుట్టకొకరు అవుతారు. ఫొటోగ్రాఫరు కెమెరాను చొక్కా కింద దాచుకోవలసి వస్తుంది.

తడిసిన వంట మళ్లీ చేసుకోవచ్చు. జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ రెండోసారి జరగవు. ఆ వేళ తప్పిన ఫొటో తప్పినట్లే. వయసు మళ్లిన తాతకు, అమ్మమ్మకు అదే చివరి ఫొటో కావచ్చు. ఇటు ఫొటోగ్రాఫరు కష్టమూ తక్కువేమీ కాదు. అప్పు తెచ్చి కొన్న కెమెరా ఒక్క వానకు పాడైతే సీజను సంపాదన మరమ్మతుకే పోతుంది.

ఎందుకీ గాలివాన?

నేల బాగా వేడెక్కితే దాన్ని ఆనుకున్న గాలి తేలికై పైకి లేస్తుంది. బంగాళాఖాతం వైపు నుంచి తేమ తోడైతే కొద్దిసేపట్లోనే నిట్టనిలువుగా మేఘాలు పేరుకుంటాయి. వీటిని క్యుములోనింబస్ మేఘాలంటారు. అందుకే వేసవి వానలు ఎక్కువగా మధ్యాహ్నం దాటాక పడతాయి. ఒక ఊళ్లో వడగళ్లు పడుతుంటే పక్క ఊళ్లో చినుకు ఉండదు. జూన్‌లో నైరుతి రుతుపవనాలు వచ్చేవరకు ఇదే వరస.

పొద్దున్నే సగం పని

కనుక ముందుకు జరపగలిగిన పని పొద్దున్నే ముగించుకోవాలి. వధూవరుల విడి ఫొటోలు, ఇంటిల్లిపాది గ్రూపు ఫొటో తొమ్మిది గంటలలోపు తీసుకుంటే సాయంత్రం వాన వచ్చినా బెంగ ఉండదు. అప్పటి ఏటవాలు ఎండ ముఖాలకు మేలు కూడా. నడినెత్తిన సూర్యుడుంటే కళ్ల కింద, ముక్కు కింద నల్లని నీడలు పడతాయి. తప్పనిసరైతే వధూవరులను ఎండకు వీపు పెట్టి నిలబెట్టి, ఎదురుగా తెల్లని ధోవతి పట్టుకుంటే వెలుతురు ముఖం మీదికి మళ్లుతుంది. ఎరుపు, పసుపు షామియానా కింద ముఖాలకు ఆ రంగే అంటుతుంది. మండపం పైన తెల్లగుడ్డ కట్టిస్తే ఆ చిక్కు తీరుతుంది.

సికింద్రాబాదులో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ (1844-1905) ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరు. మహబూబ్‌నగర్‌కు ఆ నిజాం పేరే పెట్టారు. గాజు పలకల మీద ఫొటోలు తీసిన ఆ కాలంలో ప్రధాన ఆధారం పగటి వెలుతురే. నేడు ఫ్లాష్ ఉన్నా, పలుచని మబ్బు పట్టిన పూట వెలుతురుకు సాటి లేదు. నీడలు మెత్తబడి ముఖాలు నిండుగా వస్తాయి. మబ్బును చూసి కెమెరా సర్దేయనక్కరలేదు. ఉరుము వినబడితే మాత్రం సర్దవలసిందే.

పిడుగు ముందు ఫొటో ఎంత?

మెరుపు కనిపించాక ముప్పయి సెకన్లలోపు ఉరుము వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్లలోపే ఉన్నట్లు. వెంటనే పక్కా ఇంట్లోకి వెళ్లాలి. చివరి ఉరుము తరువాత అరగంట వరకు బయటకు రాకూడదు. చింతచెట్టు కిందికి, చెరువు గట్టు మీదికి పోరాదు. ఇనుప లైటు స్టాండ్లు, గొడుగులు పట్టుకోరాదు. తడిసిన వైర్లను, జనరేటరును తాకరాదు. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ రూపొందించిన ‘దామిని’ యాప్ పిడుగులపై ముందుగా హెచ్చరిస్తుంది. హైదరాబాదు వాతావరణ కేంద్రం జిల్లాలవారీగా హెచ్చరికలు ఇస్తున్నది. పెళ్లినాటి పొద్దున ఈ రెండూ చూసుకోవడం మంచిది.

ఎండనూ తేలికగా తీసుకోరాదు. 2015 మే నెల వడగాలులకు తెలుగు రాష్ట్రాల్లో వందలాది మంది చనిపోయారు. నల్లగొండ జిల్లా తీవ్రంగా దెబ్బతిన్నది. పట్టుబట్టల్లో ఉన్న వధువును నడి ఎండలో గంటలు నిలబెట్టడం తగదు. కెమెరాను, బ్యాటరీలను మూసిన కారులో ఉంచరాదు.

కెమెరా తడిస్తే

తడిసిన కెమెరాను పని చేస్తున్నదో లేదో చూద్దామని ఆన్ చేయకూడదు. బ్యాటరీ, మెమరీ కార్డు తీసి, పొడి నూలుగుడ్డతో అద్ది, ఫ్యాను గాలికి ఆరనివ్వాలి. ఎండలోగాని పొయ్యి దగ్గరగాని పెట్టరాదు. బియ్యంలో పెడితే పిండి, దుమ్ము లోపల చేరుతాయి. సంచిలో రెండు పాలిథిన్ కవర్లు, పొడిగుడ్డ ఉంటే చాలావరకు ఈ తిప్పలే రావు.

బయానా ఇచ్చేనాడే ఇరుపక్షాలు వాన సంగతి మాట్లాడుకోవాలి. వాన వస్తే తంతు ఎక్కడ జరుగుతుంది, కరెంటు పోతే లైటు ఏది, బరాత్ ఆగిపోతే లెక్క ఎట్లా అన్నవి ముందే తేల్చుకుంటే ఆల్బం అందేనాడు మాట పట్టింపులు ఉండవు.